దుబాసీ గుండె

పోయిన నెల ఈ పుటలో ఊరగాయ జాడీలను గూర్చియు, వానకాలమున ఉప్పు చెమ్మగిల్లకుండ కాపాడుకొను విధమును గూర్చియు వ్రాసితిని. దానిపై వచ్చిన యుత్తరములకు సమాధానము వచ్చు నెలలో వ్రాసెదను, మన్నింపుడు. మూడేండ్లుగా నా మనస్సున ముల్లువలె నిలిచియున్న సంగతి యొకటి కలదు. దానిని వ్రాయుదునా మానుదునా యని యెన్నిమారులో కలము పట్టి విడిచితిని. ఈ నెల వ్రాయుచున్నాను.

ఒకరి మాటను వేరొకరి భాషలోనికి మార్చి చెప్పువానిని మనవారు దుబాసీ యందురు. ద్విభాషి యను సంస్కృతపదమే జనుల నోళ్లలో నలిగి యట్లయినది. ఆ పేరు వినగానే కుంఫిణీకాలపు చెన్నపట్టణమున దొరల ప్రక్క తలపాగాతో నిలిచి ధనము గడించిన పెద్దమనుష్యులు మనకు జ్ఞప్తికి వత్తురు. అది పలుకుబడి గల వృత్తి యనుకొంటినే గాని, కష్టము గల వృత్తి యని నేనెన్నడును తలపలేదు. రెండు భాషలు వచ్చినవారికి అందేమి శ్రమ? ఒక కుండలోని నీరు వేరొక కుండలో పోయుటయే కదా! ఆ నీరు మరుగుచున్నదైనచో పోయువాని చేయి కాలునని నాకు తెలియవచ్చినది ఒక మాఘమాసపు రాత్రి.

నా పుట్టినిల్లు ఇచ్ఛాపురము. అచ్చట తెలుగును ఒడియాయు ఒకే వీధిలో వినబడును. మా నాయనగారు నాకు ఇంటియొద్దనే అమరమును, రామాయణమును, భారతమును చెప్పిరి. ఒడియా మాత్రము ఎవరును చెప్పలేదు. ప్రక్కయింటి పిల్లలతో గచ్చకాయ లాడుచు నేర్చితిని. పెండ్లియై కాపురమునకు వచ్చిన పిమ్మట ఆ భాషతో నాకు పనిలేకపోయెను. మావారు బడిపంతులు. బదిలీమీద మేము వచ్చి చేరిన యూరి వెలుపల ఇటుకబట్టీలు కలవు. కార్తీకము వెళ్లినది మొదలు పశ్చిమ ఒడిషా జిల్లాలనుండి కూలివారు పిల్లలతోను చట్టిముంతలతోను వచ్చి, వానలు పడుదాక ఆ బట్టీలయొద్దనే గుడిసెలు వేసికొని యుందురు. సంతలో ఉల్లిపాయలు బేరమాడలేక తికమకపడుచున్న యొకామెకు ఒకనాడు నేను సాయపడితిని. అది మొదలు, పంతులుగారి భార్యకు వారి మాట వచ్చునని యూరిలో తెలిసిపోయెను.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు ఆసుపత్రినుండి ఫోను వచ్చినది. బట్టీ కూలియామె యొకతె కాన్పుగదిలో నున్నది, ఆమె మాట యెవరికిని తెలియుట లేదు, ఒక్కమారు రాగలరా యని. మావారు నన్ను బండిమీద దిగబెట్టిరి.

ఆమెకు ఇరువదియైదేండ్లు మించవు. ఎనిమిదవ నెల. రెండు దినములనుండి కడుపులో బిడ్డ కదలలేదు. పెద్దబిడ్డకు జ్వరము తగులుటచే భర్త బట్టీయొద్దనే నిలిచిపోయెను. ఆమె నన్ను చూడగానే "నానీ" యని చేయి పట్టుకొనెను. మా ఇచ్ఛాపురపు వీధిలో అక్కను ‘అపా’ యని పిలుతురు. వారి వైపున ‘నానీ’ యందురు. మా యిరువురి యొడియాకును ఇట్టి తేడాలు చాల కలవు. అయినను మాట సాగినది.

డాక్టరమ్మ పరీక్షలు ముగించి నావైపు తిరిగి యిట్లనెను. "అమ్మా, మీరే చెప్పండి. లోపల బిడ్డ గుండె ఆగిపోయింది. నొప్పులు తెప్పించి కాన్పు చేయాలి. ఆలస్యం చేస్తే తల్లికి ముప్పు. ఒప్పుకుంటే ఈ కాగితం మీద వేలిముద్ర వేయించండి."

నాలుగు మాటలు. అన్నియు నాకు తెలిసిన మాటలే. అన్నిటికిని ఒడియా నా నాలుకపైనే యున్నది. కాని ఆమె డాక్టరమ్మను చూచుట లేదు. నా పెదవులను చూచుచున్నది. సోదరీమణులారా, ఆ చూపునకు నేను లోబడితిని. నేను చెప్పినది యిది: బిడ్డ గుండెచప్పుడు సరిగా వినబడుట లేదట, మందిచ్చి నొప్పులు తెప్పింతురట, నీకేమియు భయము లేదట.

ఈ ‘అట’ యను మాటను గూర్చి ఆ తరువాత చాల తలపోసితిని. మన భాషలో నది యెంత చిన్నది, ఎంత చల్లని చాటు! ‘పోయినాడు’ అనుట వేరు, ‘పోయినాడట’ అనుట వేరు. చెప్పినవారు వేరొకరు, నేను గడపకీవల నిలిచియున్నాను అని అది తెలుపును. ఒడియాలోను దానికి దీటైన మాట కలదు. ఆ రాత్రి నేనా మాట వెనుక దాగుకొంటిని. దాగుకొనుటయే కాదు, ఆగిపోయిన గుండెను సరిగా వినబడని గుండెగా మార్చితిని.

ఆమె వేలిముద్ర వేసెను. దేనికి ఒప్పుకొని వేసెను? బిడ్డను బ్రతికించు మందునకని వేసెను. మందు పనిచేయుటకు తెల్లవార్లు పట్టినది. ఆ గంటలలో ఆమె అరచేయి కడుపుపై నుంచుకొని, "నానీ, ఏం తింటే గుండె బలపడుతుందో నర్సమ్మను అడుగు" అని నన్ను కోరినది. ఏమన్నదని నర్సు నన్నడిగినది. మంచినీళ్లు కావాలంటున్నదని చెప్పితిని. అది నా రెండవ యసత్యము. మొదటిదానికి పుట్టిన పిల్ల.

తెల్లవారుజామున కాన్పయ్యెను. ఏడ్పు వినబడలేదు. బిడ్డను గుడ్డలో చుట్టి బల్లపై నుంచిరి. ఆమె తలయెత్తి నాతో నొకమాట చెప్పెను. "బిడ్డను చూడాలట" అని నేను నర్సుతో ననినాను. పనితొందరలో నర్సు వినలేదు. ఆమె మరల ఆ మాటయే, ఈమారు కేకగా, అనినది. నేనును గట్టిగా ననినాను: "నా బిడ్డను నాకు చూపించండి!"

నర్సు గిరుక్కున తిరిగి నన్ను చూచెను. నాకు మేనెల్ల జలదరించినది. తొమ్మిదేండ్ల నా కూతురు ఇంట నిదురించుచున్నది. ఆమె దుఃఖపు మాట నా కంఠమున, నా భాషలో, నా మాటగా వెలువడినది. అట యను చాటు లేదు.

గుడ్డ తొలగించి చూచిన పిమ్మట ఆమె నావైపు తిరిగి, "వినబడటం లేదని నువ్వే చెప్పావు గదా" అనెను. మరేమియు ననలేదు.

తరువాత నెలదినములు నాకు కంటికి నిద్ర లేదు. అన్నము వార్చుచుండగా ఆ కేక నా చెవిలో నా గొంతుతోనే వినబడెడిది. ఇరుగుపొరుగువారు "ఎవరి దుఃఖమో నీకెందుకమ్మా" అనిరి. అది వారి తప్పు కాదు. నా తప్పు నేను వారితో చెప్పలేదు. మావారితో మాత్రము చెప్పితిని. వారు కొంతసేపూరకుండి, "ఇది వృత్తిగా చేసేవారున్నారు. వాళ్లకేమవుతుందో చూద్దాం" అని, నాటినుండి వెదకి వెదకి పుస్తకములను వ్యాసములను తెచ్చి వినిపింపసాగిరి. బడిపంతులకు ఓదార్చుట యన నదియే. వాని వలన తెలిసికొన్న దానిలో కొంత మీకు వ్రాసెదను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీ దేశపు నాజీ నాయకులను న్యూరెంబర్గు నగరమున విచారించిరి. 1945 నవంబరు 20వ తేదీన మొదలిడి 1946 అక్టోబరు 1వ తేదీన ముగిసిన యా విచారణ ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను భాషలు నాలుగింటను ఒక్కసారిగా నడచినది. ఒకరు మాటాడి నిలిచిన పిమ్మట దుబాసీ చెప్పు పాతపద్ధతిలో నైనచో విచారణ యేండ్ల తరబడి సాగియుండును. కావున మాటాడువాని మాట చెవిలో పడుచుండగనే దుబాసీ నోట దానిని వేరొక భాషలో పలుకు నేర్పాటు చేసిరి. చెవులకు యంత్రములు తగిలించుకొని అద్దపు తడికెల నడుమ, ముద్దాయిల బోనుకు ప్రక్కగానే, దుబాసీలు కూర్చుండెడివారు. పలుకువాడు తొందరపడినచో పసుపుపచ్చ దీపమును, నిలుపవలసివచ్చినచో ఎఱ్ఱదీపమును వెలిగించెడివారు. ఎనుబదియైదు నిమిషముల కొక జట్టు మారెడిది.

ఇందొక చిక్కు మన తెలుగువారికి సులభముగా తెలియును. జర్మను భాషలోను పెక్కుచోట్ల క్రియ వాక్యము చివరనే వచ్చునట. ‘నేనా జనులను ఆ గదిలోనికి’ అనువరకు వినబడినది. ‘పంపితిని’ అనునో, ‘పంపలేదు’ అనునో, దుబాసీ ఊపిరి బిగబట్టి వేచియుండవలెను. ఆ క్రియపై నొక మనుష్యుని ప్రాణమాధారపడి యుండును.

భాషలో పండితులైనను ఆ పనికి నిలువలేక తప్పుకొన్నవారు కలరు. నాజీలచే తన కుటుంబములోని మగవారి నించుమించుగా నందరిని కోల్పోయిన యూదుబాలిక యొకతె, ఆ అద్దపుగదిలో కూర్చుండి, ఎదుట నున్న ముద్దాయిలను చూచి నోరు విప్పలేకపోయినదని చదివితిని. భాష రాక కాదు. ఆ మనుష్యుల మాటను ‘నేను’ అని తన నోట పలుకవలెను గదా! ఆమెకు మరియొక పని నిచ్చిరి. నాకు ఆ బాలికపై గౌరవము కలిగినది. పలుకలేనని చెప్పుటయు నొక సత్యమే. నేనది చెప్పలేకపోతిని.

ఈ ‘నేను’ అను నియమమునకు కారణము లేకపోలేదు. ‘అతడిట్లనుచున్నాడు, ఆమె యట్లనుచున్నది’ యని చెప్పబోయినచో కాలము చాలదు. ఎవరి మాట యేదియో వినువారికి చిక్కుపడును. సాక్షికిని న్యాయాధిపతికిని నడుమ మూడవ మనిషి యొకడు వచ్చి కూర్చుండును. దుబాసీ తాను లేనట్లుండవలెను. ఆమె ‘నా భర్త’ యన్నచో దుబాసీయు ‘నా భర్త’ యనవలెను. నియమము మంచిదే. ఆ మంచి నియమమునకు మూల్యము చెల్లించునది మాత్రము దుబాసీ గుండె.

దక్షిణాఫ్రికా కథ వినినచో ఇది మరింత తెలియును. 1860 మొదలు మన తెలుగువారును నటాలు చెరకుతోటలకు కూలికి పోయిన దేశమది. అచ్చట వర్ణవివక్ష రాజ్యము 1994లో ముగిసిన పిమ్మట, గడచిన దారుణములలోని సత్యమును వెలికిదీసి జనులను సమాధానపరచుటకై ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. 1996 ఏప్రిలులో ఈస్టులండను నగరమున దాని బహిరంగసభలు మొదలయ్యెను. ఇరువదియొక్క వేలకు పైగా బాధితుల వాఙ్మూలములు చేరినవి. వారిలో రమారమి రెండు వేలమంది జనులయెదుట నిలిచి చెప్పుకొనిరి. క్షమాభిక్షకై యర్జీ పెట్టుకొన్నవారు ఏడు వేలకు మించిరి. ఆనాడు ఆ దేశమునకు అధికారభాషలు పదకొండు. ఎవరి భాషలో వారు చెప్పుకొనవచ్చునని సంఘము నిర్ణయించెను. అది యెంత గొప్ప నిర్ణయమో! తన పొయ్యియొద్ద మాటాడు భాషలోనే తన దుఃఖమును రాజ్యమునకు వినిపించుటకు వీలైనది. అయితే ఆ దుఃఖమంతయు ప్రవహించినది ఎవరి కంఠముల గుండా? ఊరూరికిని సంఘముతోపాటు తిరిగిన దుబాసీల కంఠముల గుండా.

రెండవ దినము సాక్ష్యమిచ్చినవారిలో నొకామె నొమొండే కలాటా. ఆమె భర్త ఫోర్ట్ కలాటా ఒక బడిపంతులు. క్రాడోకు అను నూరివాడు. 1985 జూనులో మరి ముగ్గురితోపాటు పోలీసులచే చంపబడెను. నేనును పంతులుగారి యిల్లాలినే గనుక ఈ కథ చదువునప్పుడు పుస్తకమును రెండుమారులు మూసితిని. భర్త రావలసిన రాత్రి రాకపోవుట, తెల్లవారి వార్తాపత్రికలో కాలిన కారు బొమ్మ కనబడుట చెప్పుచు చెప్పుచు ఆమె వెనుకకు వాలి యొక కేక వేసెను. ఆ కేకను వినినవారు, ఆ సంఘపు పనియంతయు నిజముగా ఆ కేకతోనే మొదలైనదని వ్రాసిరి. టూటూగారు సభను కొంతసేపాపి, పిమ్మట నొక శోకగీత మెత్తికొనిరి. జనులందరు గొంతు కలిపిరి. అద్దపుగదిలోని దుబాసీ ఆ కేకకు ఏమి చేయవలెను? కేకకు వేరొక భాష లేదు. ఏడ్చుటకు సభలో నందరికిని సెలవు కలదు, దుబాసీకి తప్ప.

ఆ దుబాసీలలో చాలమంది ఆ బాధలు పడిన జనులలోనివారే. ఒకపూట చంపబడినవాని తల్లియై ‘నా కొడుకును చంపిరి’ అని పలికిన నోటనే, క్షమాభిక్ష సభలో చంపినవాడై ‘నేను చంపితిని’ అని పలుకవలసివచ్చెను. తరువాతి కాలమున వారు తమ యనుభవములను చెప్పుకొన్నపుడు, అన్నిటికంటె కష్టమైనది ‘నేను’ అను మాటయే యని పలువు రనిరి. వారి యనుభవములే వస్తువుగా ‘ట్రూత్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ అను నాటకము 2006లో ప్రదర్శింపబడినది. మైకేల్ లెస్సాకు దాని దర్శకుడు. హ్యూ మసెకేలా సంగీతము కూర్చెను. నేనా నాటకమును చూడలేదు. చూచినచో ఏమగుదునో!

వినుచుండగనే పలుకువానికి నడుమ ఏడ్చుటకుగాని తలపోయుటకుగాని తావు లేదు. మాట వెంట నొకటి రెండు గుటకల దూరమున నాలుక పరుగెత్తుచుండవలెను. కాబట్టి ఆ క్షణమున దుబాసీ రాయివలె నుండును. బాధ తరువాత వచ్చును. నాకు అన్నము వార్చునపుడు వచ్చినట్లు. అలసటయు నట్లే, తెలియకుండ వచ్చును. 1998లో జెనీవాలో ఐదుగురు దుబాసీలను అరగంటకు మించి యెడతెగక పలికించి పరీక్షించిరి. వారి పలుకులలో తప్పులు పెరిగినవి. వింత యేమనగా, తప్పులు పెరుగుచున్నవని వారికే తెలియలేదు! కనుకనే పెద్ద సభలలో ఇరువురిని జతగా కూర్చుండబెట్టి, అరగంట కొకరు చొప్పున మార్చుచుందురు. మన యిండ్లలో రాత్రియెల్ల రోగియొద్ద కూర్చుండు ఒంటరి కోడలికి ఈ సంగతి తెలిసినచో తనను తాను కొంత క్షమించుకొనును.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను మా నాయనగారు నాచే చదివించిరి. వారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీగా నుండి, 1830లో బయలుదేరి 1831లో తిరిగివచ్చిరి. దారిలోని సత్రములను, నదులను చదివి సంతసించితిని గాని, ఈ పెద్దమనిషి పరుల వ్యాజ్యములను దినమెల్ల తన నోట పలికి యింటికి వచ్చి యెట్లు నిద్రించెనో యని యడుగవలెనని నాకు తోచలేదు. సాక్ష్యమును ఉన్నదున్నట్లు చెప్పుటకు దుబాసీ బద్ధుడని మన నేరవిచారణ చట్టము నేటికిని చెప్పుచున్నది. ఆతని నిద్రను గూర్చి యే చట్టమును చెప్పదు.

భారతమునందలి సంజయుని గూర్చియు నా యభిప్రాయము మారినది. ఆతడు భాష మార్చలేదు, నిజమే. కాని చూపులేని రాజునకు తన చూపును, దూరమున పలికినవారి పలుకులకు తన నోరును ఇచ్చినవాడు. కొడుకులు చచ్చుచుండ వారి తండ్రికి చెప్పవలసినవాడు. ‘అట’ యను చాటు ఆతనికి లేదు. కన్నులార చూచి చెప్పుచున్నాడు. తుదకు దుర్యోధనుడు కూలిన పిమ్మట, శోకముచే నలిగిన తనకు మహర్షి యొసగిన దివ్యదృష్టి నశించినదని ఆతడే చెప్పుట వ్యాసభారతపు సౌప్తికపర్వమున కలదు. పని ముగిసినది గనుక వరము ముగిసినదని మా నాయనగారు దానికి తాత్పర్యము చెప్పిరి. పెద్దల తాత్పర్యమును కాదనుటకు నేనెంతటిదానను? అయినను ఆ రాత్రి తరువాత ఆ ఘట్టమును చదివినపుడెల్ల, పదునెనిమిది దినములు పరుల చావును మోసిన కన్నులు మోయలేక మూసికొన్నవనియే నాకు తోచుచున్నది.

వృత్తిగా చేయువారికి నేర్పు పద్ధతులలో రెండు మూడు నన్ను మిక్కిలి యాకర్షించినవి. ఆసుపత్రిలో దుబాసీ రోగికి ప్రక్కగా, కొంచెము వెనుకగా నుండవలెనట. అప్పుడు రోగి వైద్యుని ముఖమును చూచును. వైద్యుడు రోగిని చూచును. చూడుడు, ఎంత చిన్న విషయము! నేనామె యెదుట నిలిచితిని. ఆమె నా పెదవులను చూచినది. ఆ చూపునకు నేను కరగితిని. దుబాసీకి సొంతమాట చెప్పవలసివచ్చినచో ‘దుబాసీ యడుగుచున్నది’ యని వేరుచేసి చెప్పవచ్చునట. ‘అమ్మా, ఈ మాట చెప్పుటకు దుబాసీకి ఒక్క నిమిషము కావలెను’ అని నేను డాక్టరమ్మతో ననియుండవచ్చును. అనవచ్చునని తెలియదు. ఏ విషయము రానున్నదో ముందుగా చెప్పియుంచుటయు, పని ముగిసిన పిమ్మట మరియొక దుబాసీతో కూర్చుండి గుండె బరువు దింపుకొనుటయు మంచి పద్ధతులే. వారి రహస్యము బయట పెట్టరాదు గదా. పేరూరులు చెప్పకుండ తన బాధను మాత్రము చెప్పుకొందురు. నేనును ఇచ్చట ఆమె పేరును, ఊరును వ్రాయలేదు.

పెద్దదానను నాకే యిట్లయినచో పిల్లల మాట యేమి? మావారి బడికి వచ్చు బట్టీపిల్లలలో పదేండ్ల బాలు డొకడు ఏడాదిలోనే తెలుగు చక్కగా నేర్చెను. నేర్చిన నేరమునకు తండ్రికి దుబాసీ యయ్యెను. లెక్కలనాడు మేస్త్రి "మీ నాన్నతో చెప్పరా, ఇంకా పదివేలు బాకీ ఉందని" యనెను. వాడట్లే చెప్పెను. తండ్రి చేయెత్తి వానిని కొట్టెను. కోపము మేస్త్రిపైన, దెబ్బ మాట మోసినవాని చెంపపైన. మరునాడు వాడు బడిలో ఒక్క తెలుగుమాటయు పలుకలేదని మావారు చెప్పి బాధపడిరి. అమెరికాలో వైద్యశాలలయందు, ప్రాణాపాయము ముంచుకొనివచ్చినపుడు తప్ప, పిల్లలచే దుబాసీతనము చేయింపరాదని 2016లో నిబంధన యేర్పరచిరి. కూతుళ్ల కాన్పులకు అచ్చటికి పోవు మన తల్లులు అత్తలు గమనింపవలసిన మాట యిది: మనుమరాలికి ఇంగ్లీషు చక్కగా వచ్చునని మురిసి, మీ రోగపు సంగతి నా పసిదాని నోట పలికింపకుడు. దుబాసీ కావలెనని యడుగుడు, అడుగుటకు సిగ్గుపడకుడు.

ఆ యేడు జ్యేష్ఠమాసమున తొలివానలు పడి బట్టీలారినవి. కూలివారు మూటలు గట్టుకొని స్టేషనునకు పోవుచుండిరి. ఒక మధ్యాహ్నము ఆమె మా యింటి ముంగిట నిలిచి "నానీ" యని పిలిచెను. పెద్దబిడ్డ చంకనున్నది. లోనికి రమ్మంటిని, రాలేదు. రైలునకు వేళయగుచున్నదని అరుగుమీదనే కూర్చుండెను. మంచినీళ్లిచ్చితిని. త్రాగి, చెంబు క్రిందనుంచి, నా ముఖమును చూడకుండ నిట్లడిగెను: "ఆ రాత్రి డాక్టరమ్మ నిజంగా ఏమన్నది? ఆమె అన్నది అన్నట్టే చెప్పు."

నేనామె ప్రక్కనే కూర్చుంటిని. ఎదుట కూర్చుండలేదు. లోపల బిడ్డ గుండె ఆగిపోయింది, నొప్పులు తెప్పించి కాన్పు చేయాలి, ఆలస్యం చేస్తే తల్లికి ముప్పు, ఒప్పుకుంటే ఈ కాగితం మీద వేలిముద్ర వేయించండి అను ఆ నాలుగు మాటలను ఆమె భాషలో, ఒక్క ‘అట’ యైనను చేర్చక, వరుసగా చెప్పితిని. చెప్పలేకపోయినది నేనే యనియు, ఆ తప్పు నాదే యనియు ఐదవమాటగా చెప్పితిని. అది దుబాసీ మాట.

ఆమె చాలసేపు వీధివైపు చూచుచు కూర్చుండెను. బిడ్డ చెంబుతో నాడుచుండెను. "అయితే ఆ రాత్రంతా నేను చేయి వేసుకున్నది..." అని మొదలుపెట్టి ఆగిపోయెను. క్రియ చెప్పలేదు. నేనడుగలేదు. వీధి మలుపునుండి వారివాళ్లు పిలువగా లేచి, మూట నెత్తిన పెట్టుకొని, బిడ్డను చంకకెత్తుకొని పోయెను. ఆ పై సంవత్సరము బట్టీకి వచ్చినవారిలో ఆమెకై వెదకితిని. రాలేదు.